గోడ మీది పెద్దల్లుడు

ఆ ఇంట్లో కూతురు ఒక్కతే, అల్లుళ్ళు మాత్రం ఇద్దరు. ముక్కున వేలేసుకోకండి, చెబుతాను. చిన్నల్లుడు ఇళ్ళకు రంగులు వేసే పెయింటరు. నలుగురి ఎదుటా పద్ధతిగా పెళ్ళి చేసుకుని, ఒక ఆడపిల్లను కని, పెంచి, దానికీ పెళ్ళి చేసి పంపించిన మనిషి. పెద్దల్లుడు గోడ మీద ఉంటాడు. వయసు పదిహేడు. నుదుటి మీద పడే రింగుల జుట్టు, చేతిలో మైకు, ఎవరినో వెతుకుతున్నట్టు పక్కకు చూపు. ఆ ఇంటి గడప ఒక్కనాడూ తొక్కలేదు. ఆ ఇంటి అమ్మాయి ఒకతి ఈ లోకంలో ఉందని కూడా అతనికి తెలియదు. అయినా పెద్దల్లుడు పెద్దల్లుడే. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు గానీ, ఆ ఇంట్లో ఆ సామెత ఏనాడూ చెల్లలేదు.

ఈ కథ ఆ అమ్మాయిది. ఇప్పుడు అమ్మాయి కాదు లెండి, మనవరాలు కూడా ఉన్న మనిషి. కర్టెన్లు కుట్టడం ఆవిడ పని. పెద్ద బజారు చివర, మెట్లు దిగి వెళ్ళే షాపు ఒకటుంది. ముందు గదిలో గుడ్డ తానులు, వెనక గదిలో పొడవాటి బల్ల, కిటికీ పక్క ఆవిడ మిషను. కిటికీ వెడల్పుకు రెండింతలు గుడ్డ తీసుకోవాలని మొదట్లోనే చెప్పేస్తుంది. పిసినారి కస్టమర్లు ఒకటిన్నరకు బేరమాడితే, "మీ ఇష్టమండీ, కానీ అది కర్టెనులా ఉండదు, ఆరేసిన దుప్పటిలా ఉంటుంది" అంటుంది. కుచ్చులు పడేలా పైన పట్టీ వేసి, వెనక లైనింగు కలిపి, కింద అంచులో సన్నటి గొలుసు దూర్చి కుట్టిందంటే, ఎంత గాలికైనా ఆ తెర గౌరవంగా ఊగుతుందే గానీ ఎగిరి నెత్తిన పడదు. చూపు కాస్త తగ్గింది, మోకాళ్ళు మెట్లెక్కనంటున్నాయి. చెయ్యి మాత్రం ఇంకా తిన్నగానే ఉంది.

ఆవిడకు పద్నాలుగో ఏడు నడుస్తుండగా తల్లి మంచాన పడింది. రెండు గదుల ఇల్లు. పొద్దున్నే వంట చేసి, అమ్మకు ఒళ్ళు తుడిచి, బడికి పరుగెత్తి, వచ్చి మళ్ళీ పొయ్యి దగ్గరకు చేరే పిల్ల. ఆ పిల్లకు లోకమంతా కిటికీలో పెట్టిన రేడియోయే. అందులో సాయంత్రం పూట ఒక కుర్రాడు పాడేవాడు. ఊళ్ళోని ఆడపిల్లలందరికీ వాడంటే పిచ్చి. రింగులబ్బాయి అనేవాళ్ళు. వాడిలా జుట్టు రింగులు తిప్పుకోబోయి కాల్చుకున్న పిల్లలున్నారు. దుకాణంలో అద్దం వెనకున్న వాడి బొమ్మకు ముద్దు పెట్టబోయి, ఆ అద్దం మీద లిప్‌స్టిక్ మరకలు చేసి తన్నులు తిన్న పిల్లలున్నారు. మన పిల్ల అలాంటివేమీ చెయ్యలేదు, దానికి తీరికేదీ? గిన్నెలు తోముతూ వినేది, అంతే. "తలుపు తీయకున్నా సరే, కిటికీ తెర తీయవే" అని ఆ కుర్రాడు పాడుతుంటే, మంచంలో తల్లి కూడా కళ్ళు తెరిచేది. "ఎవరే ఈ పిల్లాడు, ఎవరో ఎదురుచూస్తున్నట్టే పాడతాడు" అనేది. ఆ ఒక్క మాటకే ఆ పిల్లకు వాడు అయినవాడైపోయాడు. పోస్టర్లో మొహం చూసి మనసిచ్చిందని అనేవాళ్ళకు ఏం తెలుసు? అప్పటికి దానికి వాడి మొహమే తెలియదు.

తల్లి పోయింది. ఆ తరవాత ఇంట్లో తండ్రీ కూతురూ మిగిలారు. తండ్రి ఒక పెద్ద ఆఫీసులో లిఫ్టు నడిపేవాడు. రోజంతా పైకీ కిందికీ తిరిగి ఎక్కడికీ పోని ఉద్యోగం. అసలే మాట తక్కువ మనిషి, భార్య పోయాక ఆ తక్కువ కూడా లేకుండా పోయింది. కంచం పెడితే తినేవాడు, తీస్తే లేచేవాడు. కూతురు రేడియో కూడా కట్టేసింది. ఎదిగే పిల్ల అలా నోరు కుట్టేసుకుని తిరుగుతుంటే ఏ తండ్రికి కడుపు తరుక్కుపోదు? కానీ ఏం మాట్లాడాలో ఆయనకు తెలియదు, పాపం.

ఒకనాటి సాయంత్రం చొక్కా లోపల మడత పెట్టిన కాగితం ఒకటి తెచ్చాడు. లిఫ్టులో రోజూ ఎక్కే టైపిస్టు అమ్మాయిని అడిగి తెచ్చాడట, రింగులబ్బాయి బొమ్మ ఉన్న పత్రిక నడిమి పేజీ. అన్నేళ్ళ సర్వీసులోనూ ఏ అంతస్తు అని తప్ప ఇంకో మాట అడిగి ఎరగని మనిషి, సిగ్గు విడిచి అడిగాడు. దాన్ని గోడకు అంటించి, నాలుగు మూలలూ నొక్కి, వెనక్కి జరిగి చూశాడు. కూతురు వంటగది గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏం తల్లీ, మా పెద్దల్లుడు భోంచేశాడా లేదా?" అన్నాడు.

ఆ పిల్ల తెల్లబోయింది. తరవాత నవ్వింది. తల్లి పోయాక మొదటిసారి నవ్వడం. "చిన్నల్లుడెవరు నాన్నా మరి?" అంది. "వస్తాడులే ఎవరో ఒక దౌర్భాగ్యుడు" అన్నాడాయన. ఆ రాత్రి కంచాల దగ్గర ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఆ మర్నాడు రేడియో మళ్ళీ కిటికీలోకి ఎక్కింది. అప్పటినుంచీ ఆ తండ్రికి కూతురితో మాట కలపడానికి దారి దొరికింది. పెద్దల్లుడికి జలుబు చేసిందా, గొంతు బొంగురుగా ఉందేం? పెద్దల్లుడికి కొత్త చొక్కా కుట్టించారే, మాకెవరు కుట్టిస్తారు? ఇలా.

ఒకసారి రింగులబ్బాయి ఆ ఊరి హాల్లో పాడటానికి వస్తే తండ్రే తీసుకెళ్ళాడు. తోపులాటలో ఆయన చెప్పు ఒకటి పోయింది. వీళ్ళకు దొరికిన చోటు ఒక స్తంభం వెనక. ఎటు వంగి చూసినా కుర్రాడు సగమే కనిపిస్తున్నాడు. ఒక భుజం, సగం జుట్టు, మైకు పట్టుకున్న చెయ్యి. ఆ సగాన్నే ఆ పిల్ల రెప్ప వేయకుండా చూసింది. ఇంటికి ఒంటి చెప్పుతో కుంటుతూ వస్తూ తండ్రి, "సగమే కనబడ్డాడని బెంగపడకే. మిగతా సగం పెళ్ళయ్యాక చూద్దువుగాని" అన్నాడు.

ఆ మిగతా సగం ఆవిడ ఎన్నడూ చూడలేదు.

పెయింటరు ఎలా వచ్చాడో కూడా చెప్పాలి. ఒక డాక్టరుగారు కొత్త ఇల్లు కట్టుకుంటుంటే కిటికీలు కొలవడానికి షాపు నుంచి ఈవిడను పంపారు. కిటికీ చట్రాలకు రంగు వేస్తూ నిచ్చెన మీద ఒక బక్కపలచటి మనిషి ఉన్నాడు. "తడి ఉందండీ, ముట్టుకోకండి" అని వాడు అనడం, ఈవిడ ముట్టుకోవడం ఒకేసారి జరిగాయి. అరచేయంతా ఆకుపచ్చ. వాడు దిగొచ్చి కిరసనాయిలు గుడ్డ ఇచ్చాడు. "చెప్పేలోపే ముట్టుకున్నారే, మీకు ఎవరి మాటా వినే అలవాటు లేదా?" అన్నాడు. అడిగి మరీ తిట్లు తినే రకం. ఆ ఇంటికి ఎన్ని కిటికీలున్నాయో అన్నిసార్లూ ఈవిడ కొలవడానికి వెళ్ళింది, ఎవరినీ అనుకుని లాభం లేదు.

పెళ్ళి మాట అడగడానికి పెయింటరు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కూర్చుంటే, లిఫ్టు పెద్దాయన చాలాసేపు ఆలోచించి, "నాకేం అభ్యంతరం లేదు బాబూ. కానీ మా పెద్దల్లుడున్నాడు. ఒక మాట ఆయన్నీ అడగడం పద్ధతి" అన్నాడు.

"పెద్దమ్మాయి కూడా ఉందాండీ మీకు?"

"లేదు. నాకు ఇదొక్కతే కూతురు."

పెయింటరు మొహాన కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. లేచి నిలబడ్డాడు, చెప్పుల కోసం చూశాడు. లోపల గదిలో పిల్ల నోట్లో గుడ్డ కుక్కుకుని నవ్వుతోంది. అప్పుడు పెద్దాయన వేలు పెట్టి గోడ చూపించాడు. పెయింటరు కాసేపు ఆ రింగుల జుట్టు వంకే చూసి, చేతులు కట్టుకుని, "అన్నగారూ, మీరు పాటల్లో బిజీగా ఉన్నట్టున్నారు. ఈ పిల్లను నేను చూసుకుంటాలెండి" అన్నాడు. పెద్దాయన అంత గట్టిగా నవ్వడం ఆ ఇల్లు మళ్ళీ వినలేదు.

అలా మామగారి వేళాకోళం అల్లుడికి ఆస్తిలా సంక్రమించింది. ఆస్తిని కొందరు తగలేస్తారు, ఈయన పెంచాడు. భార్య అలిగి మాట్లాడకపోతే గోడ వైపు తిరిగి, "అన్నగారూ, మీ ఆవిడ ఇవాళ నాతో మాట్లాడదట. మీతోనన్నా ఏమన్నా చెప్పిందా?" అనేవాడు. బిగబట్టుకున్న మూతి ఫక్కున విచ్చుకునేది. కూతురికి జ్వరమొచ్చి రోజుల తరబడి నిద్ర లేనప్పుడూ, తండ్రి పోయి ఆవిడ గోడకు ఆనుకుని కూర్చున్నప్పుడూ, ఆయన నోటి నుంచి ఇదే మాట. "పాపం, పెద్దల్లుడికి చెప్పలేదు, మామగారు పోయినా రాలేదని లోకం ఆడిపోసుకుంటుంది" అన్నాడు. అంత దుఃఖంలోనూ ఆవిడ తలెత్తి ఆయన మొహం చూసింది. ఇంకొకరైతే ఆ వేళ ఆ మాటకు చెంప పగలగొట్టేవారు.

ఇల్లు మారినప్పుడల్లా ఆ పోస్టరూ మారింది. రంగులు వేసేటప్పుడు దాన్ని తీసేది పెయింటరే, వేరేవాళ్ళను చెయ్యి వేయనిచ్చేవాడు కాదు. ఉప్పుకాగితం దుమ్ము పడకుండా పాత దుప్పటిలో చుట్టి బీరువా మీద పెట్టి, గోడ ఆరాక మళ్ళీ తనే అంటించేవాడు. "ఈవిడగారి మొదటి మొగుణ్ణి మోసే కూలీని నేను" అని సణిగేవాడు. "వాడు తెర తీయమని పాడాడు, ఇది వాడి కోసం జీవితాంతం తెరలు కుడుతోంది" అని వచ్చిన చుట్టాలందరికీ చెప్పేవాడు.

ఇవన్నీ ఆవిడ పడింది, నవ్వింది, తిరిగి నాలుగు అంది. పడనిదొక్కటే. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మనిషి, ఆ కుర్రాడు బాగా పాడతాడని ఒప్పుకోలేదు. గొంతా అది, నీళ్ళు రాని కుళాయి అనేవాడు. మేకపిల్ల తప్పిపోయినట్టుంది అనేవాడు. ఆవిడ బతిమాలింది కూడా.

"ఒక్కసారి, వెటకారం లేకుండా, బాగా పాడతాడని అనండి. మీ సొమ్మేం పోయింది?"

"అబద్ధమాడినా అతికినట్టుండాలే" అనేవాడు.

చిన్న విషయమే, ఒప్పుకుంటాను. కానీ ఆ కుర్రాడి పాటకు తల్లి కళ్ళు తెరిచేదని, ఆ పాట లేకపోతే తను ఆ రెండు గదుల్లో ఏమైపోయేదోనని ఆవిడ మొగుడికి ఎన్నడూ విడమరిచి చెప్పలేదు. చెప్పకుండానే తెలుసుకోవాలని ఆడవాళ్ళకు ఉంటుంది. తెలుసుకున్నా చెప్పకూడదని మగవాళ్ళకు ఉంటుంది. కాపురాలన్నీ ఇలాగే తగలడతాయి.

రింగులబ్బాయి మాత్రం ఎక్కువకాలం వెలగలేదు. గొంతు మారింది, పాటలు తగ్గాయి, ఆ తరవాత ఇంకో కుర్రాడొచ్చాడు. ఎక్కడో పిల్లలకు సంగీతం చెప్పుకుంటున్నాడని ఒకసారి పత్రికలో వేశారు. ఫోటోలో రింగులు లేవు. అసలు జుట్టే లేదు. పెయింటరు ఆ వారమంతా అద్దం ముందు దువ్వెన పట్టుకుని ఊరేగాడు. ఆవిడకు మాత్రం ఆ బట్టతల మీద కొత్తగా ఆపేక్ష పుట్టింది. మనతోపాటే వాడూ పెద్దవాడవుతున్నాడు, ఎక్కడో ఒకచోట వాడికీ మోకాళ్ళు నొప్పులే అనుకుంది.

అటువంటి మనిషి పోయాడని రేడియోలో చెప్పారు.

మధ్యాహ్నం, షాపు వెనక గదిలో ఆవిడ బరువైన మఖమలు గుడ్డకు లైనింగు కలుపుతోంది. యజమానురాలి రేడియో బల్ల మీద తన దోవన తను మోగుతోంది. ఒకప్పటి యువగాయకుడు అనారోగ్యంతో కన్నుమూశాడని చదివి, ఆ పాట ఒక్క ముక్క వేశారు. కిటికీ తెర తీయవే అన్నంత వరకే వేసి, వాతావరణ వార్తల్లోకి వెళ్ళిపోయారు.

"అయ్యో, ఈయన ఇంకా ఉన్నాడా? ఎప్పుడో పోయాడనుకున్నానే" అంది యజమానురాలు, గుడ్డ చింపుతూ.

ఆవిడ కాలు మిషను మీద ఆగలేదు. ఆగి చూస్తే కుట్టు వంకరపోయింది. కూర్చుని అదంతా విప్పింది. ఏడవాలని ఉంది. కానీ ఎక్కడ ఏడవాలి? మనవరాలున్న మనిషి, పక్క మీంచి లేవాలంటే గోడ పట్టుకునే మనిషి, ఎవరో పాటగాడి కోసం ఏడిస్తే నలుగురూ నవ్వరూ? నలుగురి మాట గంగలో కలవనీ. ఇంట్లో ఆయన ఉన్నాడు కదా. ఆయన ఏమంటాడో ఆవిడకు ముందే వినబడుతోంది. "పోన్లే, ఇన్నాళ్ళకు గోడ ఖాళీ అయింది" అంటాడు. అలవాటుగా అనేస్తాడు, మనసులో ఏమీ లేకుండా అనేస్తాడు. కానీ ఇవాళ ఆ మాట ఆయన నోట వింటే మాత్రం మనసు విరిగిపోతుంది, విరిగింది మళ్ళీ అతకదు. ఇంత కాపురం చేసి ఈ వయసులో మొగుడి మీద మనసు విరగ్గొట్టుకోవడమా? వద్దు. ఆయన చెవిన పడకుండా చూడాలి, పడినా తనకేం పట్టనట్టుండాలి అని గట్టిగా అనుకుని, మొహం కడుక్కుని ఇంటికి బయల్దేరింది.

అదృష్టం, ఇంటికి వెళ్ళేసరికి టీవీ పాడైంది. "ఏదో వైరు కాలింది, తరవాత చూద్దాం" అన్నాడు పెయింటరు. ఆవేళ ఆయన ముందే వచ్చేశాడు. ఆవిడ చెప్పులు విప్పేలోగా టీ గ్లాసు చేతికిచ్చాడు. ఆయన టీ పెట్టడం ఆవిడ పురిట్లో ఉన్నప్పుడు చూసింది, మళ్ళీ ఇదే. వేడిగా ఉంది, చక్కెర కూడా సరిపోయింది. భోజనాలయ్యాక గిన్నెలు ఆయనే తోమాడు. గోడ వంక ఒక్కసారి కూడా చూడలేదు. "అన్నగారు" అన్న మాటే లేదు. బతికించాడు దేవుడు, ఈయనకింకా తెలియదు అనుకుందావిడ.

మర్నాడు పొద్దున పేపరు కనబడలేదు. తడిసిపోయిందని పారేశానన్నాడు. ఎక్కడా చినుకు పడిన జాడ లేదు. సాయంత్రం కూతురు ఫోను చేసి, "అమ్మా, ఎలా ఉన్నావే? తిన్నావా? పడుకున్నావా?" అని పరామర్శకు వచ్చినదానిలా అడిగి, "నాన్నకివ్వు" అంది. ఆయన ఫోను తీసుకుని మెట్ల మీదకు వెళ్ళి గుసగుసలాడాడు. ఈవిడ గుమ్మంలోకి రాగానే, "ఆ, ఆ, ఇక్కడంతా బాగానే ఉంది" అని గొంతు పెంచాడు.

అప్పుడు ఆవిడ గుండెల్లో రాయి పడింది. ఈయనకేదో అయింది. ఇన్నేళ్ళు ఆ రంగుల వాసనలు పీల్చిన ఊపిరితిత్తులు. మొన్న నిచ్చెన దిగుతూ దగ్గాడు కూడా. డాక్టరు దగ్గరకు వెళ్ళొచ్చి ఉంటాడు, డాక్టరు చెప్పరానిదేదో చెప్పి ఉంటాడు, కూతురికి చెప్పి తనకు దాస్తున్నాడు. లేకపోతే ఈ మనిషి ఇన్ని పూటలు ఒక్క వెటకారమూ ఆడకుండా ఉండటమా? రింగులబ్బాయి కోసం మింగిన ఏడుపు ఒకటి, ఈ భయం ఒకటి, రెండూ కలిసి ఆవిడకు ముద్ద దిగలేదు. ఒకణ్ణి తీసుకుపోయావు కదయ్యా, ఇంటివాణ్ణి వదిలెయ్యి అని దేవుడితో బేరం కూడా పెట్టుకుంది.

ఇక ఆగలేక, ఆయన కుంచెలు టర్పెంటైన్లో కడుగుతుంటే ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది.

"నిజం చెప్పండి. డాక్టరేమన్నాడు?"

"ఏ డాక్టరు?"

"నా దగ్గర దాపరికాలొద్దు. టీ పెట్టడమేంటి, గిన్నెలు తోమడమేంటి, పిల్లతో గుసగుసలేంటి? ఒక్క వెటకారం లేదు, ఒక్క వంకర మాట లేదు. మీరు ఒంట్లో బాగున్న మనిషిలా లేరు."

పెయింటరు నోరు తెరిచాడు. "వెటకారం ఆడకపోతే జబ్బా?"

"మీకు జబ్బే."

"నాకేం కాలేదే. నా ఒళ్ళు రాయిలా ఉంది. అయింది నాక్కాదు..." అని, ఆగిపోయి, గోడ వంక చూసి, చటుక్కున చూపు తిప్పుకున్నాడు.

ఆ చూపు ఆవిడ కంట పడింది.

"మీకు తెలుసా?"

"ఏంటి తెలిసేది?" అన్నాడు గానీ, కుంచె చేతిలోంచి డబ్బాలోకి జారింది. "అంటే, నీకు... నీకెప్పుడు తెలిసింది?"

"ఆవేళే. షాపులో, రేడియోలో."

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! మరి నేను ఆ టీవీ వైరు పీకి, పేపరువాణ్ణి వీధి చివరే పట్టుకుని, పిల్లను బెదిరించి..."

"ఎందుకు దాచారు?"

పెయింటరు డబ్బా పక్కకు జరిపాడు. చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు, తుడిచిన వేళ్ళనే మళ్ళీ తుడిచాడు.

"నిచ్చెన మీద ఉండగా కింద ఎవరో అన్నారు. దిగేశాను. ముందు నీ దగ్గరికే వద్దామనుకున్నా. వచ్చి ఏం చెప్పాలో తెలీలేదు. నువ్వు అలిగినా, దిగులుపడినా, మీ నాన్న పోయినప్పుడు కూడా, నేను అతని మాటెత్తే కదా నిన్ను మాట్లాడించింది? నాకొచ్చిన విద్య అదొక్కటేనే. ఇప్పుడు అతనే పోతే ఏ మాటెత్తను? నువ్వు నీ చిన్నప్పట్లా నోరు మూసుకుని కూర్చుంటే, మీ నాన్నలా నేనెక్కణ్ణించి ఏం తేను?"

ఆవిడ స్టూలు కాస్త ముందుకు జరుపుకుంది.

"మరి నువ్వెందుకు చెప్పలేదు?" అన్నాడాయన.

"మీరు నవ్వుతారని."

"ఇందుక్కూడా నవ్వుతాననుకున్నావా?"

"ఎప్పుడు నవ్వలేదు గనక?"

ఆయన తల దించుకుని మళ్ళీ గుడ్డ అందుకున్నాడు. ఆవిడ మాత్రం ఇక ఆపుకోలేకపోయింది. ఈయనకు జబ్బు లేదన్న ఊరటో, ఇన్ని పూటలు మోసిన బరువో, ఎన్నేళ్ళ కిందటి తల్లి మంచమో, అన్నీ ఒక్కసారే పొంగుకొచ్చాయి. రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. నోరు నొక్కుకున్నా ఆగలేదు. ఆ ఏడుపు గోడలు దాటి పక్క వాటాలోకి వినబడింది.

పక్క వాటాలో ఒక టీచరమ్మ కొత్తగా దిగింది. వీళ్ళ సంగతులేవీ ఆవిడకు తెలియవు. ఏడుపు విని, చేస్తున్న పని వదిలేసి పరుగెత్తుకొచ్చి తలుపు తట్టింది. పెయింటరు వెళ్ళి తలుపు ఓరగా తీసి, ఆ సందులో అడ్డంగా నిలబడ్డాడు.

"ఏమైంది అన్నయ్యగారూ? వదినగారు అలా ఏడుస్తున్నారేంటి?"

లోపల ఆవిడ ఏడుపు మధ్యలోనే ఊపిరి బిగబట్టింది. అబద్ధం చెప్పి పంపించెయ్యవచ్చు. కంట్లో రంగు పడిందనవచ్చు. లేదా ఇప్పుడొస్తుంది వెటకారం, ఇక ఆగదు, కొత్త మనిషి దొరికింది కదా అనుకుంది. కళ్ళు మూసుకుని ఆ మాట కోసం కాచుకుని కూర్చుంది.

"మా ఇంటి పెద్దల్లుడు పోయాడమ్మా" అన్నాడు పెయింటరు.

"అయ్యో! ఎంత పని జరిగిందండీ. నేనొచ్చాక ఎప్పుడూ చూసినట్టు లేదే. ఏం చేసేవారు?"

"పాటలు పాడేవాడు."

టీచరమ్మ ఏదో అనబోయింది. పెయింటరు ఇంకా చెప్పవలసింది మిగిలినట్టు తలుపు పట్టుకునే నిలబడ్డాడు.

"బాగా పాడేవాడమ్మా" అన్నాడు. "చాలా బాగా పాడేవాడు."

లోపల ఆవిడ మొహం మీంచి చేతులు తీసేసి, గొంతెత్తి ఏడ్చింది.